జలుబు చేసిన ఫారం

పొద్దున్నే ఆఫీసుకి రాగానే ఫారాల గుమాస్తా గ్లాసుడు వేడినీళ్లు తాగి, రెండుసార్లు గొంతు సవరించుకుని, అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అలాగని పాట కచేరీ ఏమీ లేదు. ఊరి ఆఫీసు జనానికిచ్చే దరఖాస్తుల్ని చూపు లేనివాళ్లు కూడా విని నింపుకునేలా తయారుచేయడం అతని ఉద్యోగం. పగలంతా టైపు చేయడమే తప్ప నోరు విప్పే పనే లేదు. కానీ స్క్రీన్ రీడర్ ఏ ఫారాన్ని పైకి చదివినా, దాన్ని తయారుచేసినవాళ్ల గొంతుతోనే చదువుతుంది. ఏ మాట రాసిన రోజు వాళ్ల గొంతు ఎలా ఉంటే ఆ మాట అలాగే. అది అందరికీ తెలిసిందే, ఎవరూ వింతగా చెప్పుకోరు. అతనికి ముందు ఆ సీట్లో పనిచేసి కాలం చేసిన పెద్దాయన కుళాయి దరఖాస్తు ఇప్పటికీ మూడో పేజీలో దగ్గుతుంది. ఆయన భార్య, కొత్త కుళాయితో పనేమీ లేకపోయినా, నెలకోసారి వచ్చి ఆ పేజీ విని వెళ్తుంది.

వానలు పట్టుకున్న వారంలో గుమాస్తాకి జలుబు చేసింది.

“సెలవు పెట్టకూడదూ? రేపు మీ ఫారాలన్నీ చీదుతాయి,” అంది భార్య.

పెట్టలేదు. గడువు నెత్తిమీద కూర్చుంది. ఊరి అంగడి భవనంలో గదులు తీసుకుని పనులు చేసుకునేవాళ్లు ఏటా నింపే దరఖాస్తు ఆ రోజే వెళ్లిపోవాలి. దాని చివర రెండు గడులుంటాయి. మొదటిది ‘గది వదులుకుంటున్నాను’, రెండోది ‘గది నాకే కొనసాగించాలి’. ప్రతి గడికీ కంటికి కనిపించే మాట పక్కన ఒకటుంటుంది, స్క్రీన్ రీడర్ చదవడానికి వెనకాల దాచి రాసే మాట ఇంకొకటి ఉంటుంది. అతను కొనసాగించే గడిని ముందు చేసి, దాన్నే కాపీ కొట్టి పైన పెట్టాడు. కనిపించే మాట మార్చాడు. వెనకాల మాట మార్చడం మరిచిపోయాడు.

పంపేముందు తెర ఆర్పేసి ఫారం మొత్తం ఒకసారి వినాలని అక్కడ నియమం. విందామనే పెట్టాడు. “దరఖాస్తుదారు పేరు... చిరుదాబా...” అంటూ తన గొంతే ముక్కు దిబ్బడతో మొదలుపెట్టేసరికి పక్క సీట్లవాళ్లు కిసుక్కుమన్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది. ఠక్కున ఆపేసి, ‘విని చూశాను’ అన్నచోట టిక్కు పెట్టి పంపించేశాడు.

అంగడి భవనంలో కింద చివరి గది కుర్చీల పిన్నిది. పుట్టుకతోనే చూపు లేదు. నానబెట్టిన పేము బద్దలతో కుర్చీలకి సీట్లు అల్లుతుంది. గుమాస్తా కూర్చునే కుర్చీ కూడా ఆవిడ అల్లిందే. ఇరవై ఏళ్లుగా ఆ గదే ఆవిడ బతుకుతెరువు. నీళ్ల తొట్టికి నాలుగడుగులు, కిటికీకి ఏడు, కొక్కేలకి చెయ్యి చాచితే చాలు. ఆ భవనంలో ఫారం విని నింపేది కూడా ఆవిడ ఒక్కతే.

నెల తిరక్కుండా ఆవిడ చేతికర్ర ఆఫీసు మెట్లమీద చప్పుడు చేసింది.

“పదిహేను రోజుల్లో గది ఖాళీ చెయ్యమని ఉత్తరం వచ్చింది బాబూ. నేనేం నొక్కానో కాస్త చూడు.”

అతను ఆవిడ పేరున అచ్చై వచ్చిన కాగితం తీశాడు. మొదటి గడిలో టిక్కు ఉంది. ఫారం తెరిచి ఆ గడి వెనకాల మాట చూశాడు.

“వదులుకుంటున్నాను అన్నచోట పడింది పిన్నిగారూ.”

“అయ్యో! కొనసాగించాలి అని వినపడితేనే నొక్కానే. తర్వాత గడి దగ్గరా అదే మాట వినిపిస్తే, మిషను చెప్పిందే చెబుతోందనుకున్నా.” ఆవిడ కాసేపు వేళ్లు నలుపుకుంది. “కాదులే. నేనే ఎక్కడో తప్పు నొక్కి ఉంటా. పెద్దదాన్నవుతున్నాగా.”

తప్పు నాది అనడానికి ఊపిరి కూడా పీల్చాడు. తీరా నోట్లోంచి ఊడిపడింది వేరే.

“ఒక్కోసారి అలా అవుతుంటుంది పిన్నిగారూ. గురువారం పెద్ద మేడంగారి దగ్గర విచారణ పెట్టిస్తాను, చెప్పుకుందురుగాని.”

ఆవిడ అతనికి రెండుసార్లు దణ్ణం పెట్టి వెళ్లింది. కర్ర చప్పుడు వినపడనంత దూరం పోయాక అతను వెనకాల మాట దిద్దేశాడు. అరనిమిషం పట్టలేదు. ఇంకొకరికి ఇలా జరగకూడదు కదా, అందుకే దిద్దాను అని తనకు తానే చెప్పుకున్నాడు. అది నిజమే. కానీ దిద్దుతున్నప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, అదీ నిజమే.

మంగళవారం మధ్యాహ్నం, ఇక దాచలేను, చెప్పేస్తాను అని ఆవిడ గదికి వెళ్లాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, పూర్తయిపోయిన సీటుని విప్పుతోంది.

“ఎందుకు విప్పుతున్నారు? బాగానే ఉందిగా?”

“ఏమో బాబూ, వంకర వచ్చిందేమోనని. దీన్ని విప్పడం ఇది మూడోసారి. నా చేతుల మీద నాకు గురి పోయింది.” సీటు అతని ముందుకి జరిపింది. “కళ్లున్నవాడివి, నువ్వు చెప్పు. సరిగ్గా ఉందా?”

విప్పినంత మేర పోగా మిగిలిన అల్లిక గీత గీసినట్టుంది. “సరిగ్గా ఉంది,” అన్నాడు. సీటు తిరిగి ఆవిడ చేతికిచ్చి, చెప్పాలనుకున్నది చెప్పకుండానే వెనుదిరిగాడు. తనలాంటి వెధవ ఇంకొకడు ఉండడనుకుంటూ బయటికొచ్చాడు.

గురువారం పెద్ద మేడం గదిలో ముగ్గురే ఉన్నారు. మేడం చెడ్డదేం కాదు, కానీ కాగితం ఎలా ఉంటే అలా నడుచుకునే మనిషి.

“మీ టిక్కు మొదటి గడిలో ఉందమ్మా. ఆ గది కోసం ఇంకొకరు కాచుకుని ఉన్నారు. ఫారంలో లోపమేమైనా ఉంటే చూసేదాన్ని. ఏమయ్యా, ఉందా?”

“ఇప్పుడు... లేదండీ,” అన్నాడు గుమాస్తా.

మేడం ‘ఇప్పుడు’ని పట్టించుకోలేదు. తన కంప్యూటర్‌లో ఫారం తెరిచి స్క్రీన్ రీడర్ పెట్టింది. అతని జలుబు గొంతు గదంతా వినిపించింది.

“దరఖాస్తుదారు పేరు. చిరుదాబా. గది దంబరు.” చిన్న చీదుడు. “గది వదులుకుంటున్నాను. గది దాకే కొదసాగించాలి. సంతకం.”

“విన్నారుగా, సరిగ్గానే చదువుతోంది. ఇక నేనేం చెయ్యనమ్మా?” మేడం ఉత్తర్వు కాగితం దగ్గరికి లాక్కుంది.

కుర్చీల పిన్ని తల ఒకపక్కకి వంచి ఉంది. “ఇంకొక్కసారి పెట్టించండమ్మా.”

మళ్లీ పెట్టారు. ఫారం అంతా ముక్కుతోనే మాట్లాడింది, మధ్యలో ఆ ఒక్క మాట తప్ప. ఆ ఒక్కటీ వేడినీళ్లు తాగిన గొంతుతో, గణగణమంటూ పలికింది.

ఆవిడ గుమాస్తా ఉన్నవైపు తిరిగింది. కోపంగా అడగలేదు. క్షేమం కనుక్కున్నట్టే అడిగింది.

“జలుబు ఎప్పుడు తగ్గింది బాబూ?”

“మీరు ఫారం నింపాక తగ్గింది పిన్నిగారూ,” అన్నాడు. “ఆ మాట మొన్న మీరు వచ్చి వెళ్లాక రాశాను. అంతకుముందు రెండు గడులకీ ఒకటే మాట ఉంది. మీరు విన్నది నిజం. మీరు నొక్కింది సరైనదే. నేను వినకుండానే విన్నానని టిక్కు పెట్టాను. మీరు మిమ్మల్ని తిట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను.”

మేడం ఆ ఉత్తర్వు చింపేసి, గది ఆవిడకే ఉంటుందని ఇంకొకటి రాసింది. అతనికి రావలసిన మెమో వేరే కాగితం మీద రాసింది. అతను దానిమీద సంతకం పెట్టాడు.

పిన్ని లేచి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి అంది.

“గది పోతుందని ఏడ్చాను, నిజమే. దానికేం లేదు. ఈ వారం రోజులూ నా చేతుల్ని నేనే నమ్మలేదు. అది మాత్రం మర్చిపోలేను, గుమాస్తాగారూ.”

ఇన్నేళ్లలో ఆవిడ అతన్ని గుమాస్తాగారూ అని పిలవడం అదే మొదటిసారి.

అప్పట్నించి ఏ ఫారమైనా బయటికి వెళ్లేముందు ఆవిడ విని సరే అనాలని మేడం ఏర్పాటు చేసింది. వారానికోరోజు ఆవిడ వచ్చి, తను అల్లిన కుర్చీలోనే కూర్చుని వింటుంది. అతను పక్కన నిలబడతాడు. మళ్లీ వానలొచ్చాయి, అతనికి మళ్లీ జలుబు చేసింది. గదుల దరఖాస్తు ముక్కుతో చదువుతుంటే పక్క సీట్లవాళ్లు మళ్లీ కిసుక్కుమన్నారు. రెండు గడుల దగ్గరికి వచ్చేసరికి ఫారంలోని గొంతు కాస్త వణికింది. రెండు మాటలూ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఆవిడ చెయ్యెత్తింది.

“మొదట్నించీ పెట్టండి, గుమాస్తాగారూ.”

అతను తెర ఆర్పేసి, కళ్లు మూసుకుని, మొదటినుంచీ పెట్టాడు.