డ్రైవరుగారి చల్లటి చేతులు

పొద్దున్నే మొగుడిచేత కాఫీ తాగించడం టైలరమ్మకి పెద్ద పనే. కప్పు ఆయన చేతికిస్తే లాభం లేదు. పట్టుకోగానే పొగ ఆగిపోయేది, రెండో గుక్కకల్లా పైన మంచు పలక కట్టేది. అందుకని ఆవిడే కప్పు పట్టుకుని, పసిపిల్లాడికి పట్టినట్టు ఆయన నోటికి అందించేది. ఆయన గబగబా తాగేసి, చేతులు చంకల్లో దోపుకుని, మళ్లీ కిటికీ పక్క కుర్చీలో కూలబడేవాడు.

ఆయన ఏళ్ల తరబడి సిటీ బస్సు నడిపిన మనిషి. రిటైరైన రోజు డిపోలో తాళాలు అప్పగించి ఇంటికొచ్చేసరికి చేతులు చల్లబడి ఉన్నాయి. ఎండాకాలం కావడంతో అప్పుడెవరూ పట్టించుకోలేదు. పైగా పక్కింటావిడ పాలగిన్నె పట్టుకొచ్చి, "అన్నయ్యగారూ, కాసేపు పట్టుకుంటారా, మా ఫ్రిజ్ చెడిపోయింది" అనేది. చలికాలం వచ్చాక వ్యవహారం ముదిరింది. డాక్టరు నాడి చూసి, తన వేళ్లు ఊదుకుంటూ, "కొందరికి అంతేనమ్మా. గ్లౌజులు తొడగండి" అన్నాడు.

గ్లౌజులదేముంది, ఉన్నితో ఓ జత, దూది పెట్టి ఓ జత టైలరమ్మే కుట్టింది. ఆవిడ దిగులు వేరు. తన చెయ్యి తగిలితే పెళ్లాం ఎక్కడ ఉలిక్కిపడుతుందోనని ఆయన ఆవిణ్ణి ముట్టుకోవడమే మానేశాడు. కంచం అందించాల్సొస్తే బల్ల మీద పెట్టి తోసేవాడు. రోడ్డు దాటేటప్పుడు రెక్క పట్టుకుని నడిపించే మనిషి, నాలుగడుగులు వెనక రావడం మొదలుపెట్టాడు. మాటలు కూడా పొదుపైపోయాయి.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి లేచింది.

"పదండి, బయటికెళ్దాం. ఊళ్లో ఇన్ని కాఫీ షాపులున్నాయి. మీ చేతుల్లో చల్లారని కాఫీ ఎక్కడో ఒకచోట ఉండకపోదు."

"ఈ చలిలోనా?"

"చలిలోనే. ఎండాకాలంలో వేడిగా ఉంటే దాని గొప్పేముంది?"

"అందరూ చూస్తారే."

"చూడనివ్వండి. ఇన్నాళ్లూ బస్సు అద్దంలోంచి మీరు అందర్నీ చూళ్లేదూ?"

ఆయన గ్లౌజులు తొడుక్కుని బయల్దేరాడు. బస్సులో సీట్లో కూర్చున్నాడన్న మాటే గానీ, స్టాపు వచ్చినప్పుడల్లా కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంది. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది.

మొదట రైలు వంతెన కింద కాఫీ షాపుకెళ్లారు. పైన రైలు పోయినప్పుడల్లా కప్పులు గలగలలాడేవి. కాఫీ కాటుకంత చిక్కగా ఉంది. డ్రైవరుగారు పట్టుకోగానే బిగుసుకుపోయి చెంచా కూడా దిగలేదు. వెయిటరు ఒక ఫోర్కు తెచ్చి పక్కన పెట్టి వెళ్లాడు.

తర్వాత పాత బ్యాంకు భవనంలో పెట్టిన కేఫ్. అక్కడ కాఫీ మీద పాలనురగతో ఆకు బొమ్మ వేసిచ్చారు. డ్రైవరుగారి చేతుల్లో ఆ ఆకు ఈనెలతో సహా గడ్డకట్టి నిగనిగలాడింది. పక్క బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి తన కప్పు ముందుకు జరిపి, "అంకుల్, నాది కూడా పట్టుకోరా ప్లీజ్?" అంది. ఆయన సిగ్గుతో చేతులు జేబుల్లో పెట్టేసుకున్నాడు.

ఆదివారం ఆదివారానికీ తిరుగుడు పెరిగింది. బ్రంచ్ అని బోర్డు పెట్టిన చోట్లకీ వెళ్లారు. "టిఫినూ కాదు, భోజనమూ కాదు, రెంటికీ చెడ్డ రేవడి" అని వెక్కిరిస్తూనే టైలరమ్మ ఆమ్లెట్టు సగం కోసి ఆయన ప్లేట్లో వేసేది. ఏ కేఫ్‌లో తలుపు సందులోంచి గాలి కొడుతుందో, ఎక్కడ కప్పు మందమో, ఎక్కడ పాలు మరీ కాచేస్తారో ఆవిడకి కొట్టిన పిండైపోయింది. కాఫీ మాత్రం ఎక్కడా వేడిగా నిలవలేదు.

చివరికి ఓ మేడ మీది అద్దాల కేఫ్‌లో, ఆయన పట్టుకున్న కప్పు చలికి ఠప్పున పగిలింది. పెంకు ఎగిరి టైలరమ్మ బొటనవేలికి గీరుకుంది. పెద్ద దెబ్బేం కాదు. ఆయన మొహం మాత్రం పాలిపోయింది.

"ఇక చాలే. నా కోసం నువ్వు ఈ తిప్పలు పడద్దు."

"మీ కోసమని ఎవరన్నారు?" ఆవిడ వేలికి రుమాలు చుట్టుకుంటూ అంది. "నా కోసం తిరుగుతున్నాను. నాకు మీ చెయ్యి కావాలి. ఇవాళ ఇంకొకటి చూసి గానీ ఇంటికెళ్లేది లేదు."

ఆ ఇంకొకటి సందు చివర ఉంది. నాలుగు బల్లలు పట్టేంత గది, దాని వెనకే వంటగది, మధ్యలో ఒక కిటికీ. పొయ్యి సెగకి గది అంతా ఉక్కగా ఉంది. మోచేతుల దాకా పిండి అంటుకున్న ఒక పిల్ల బయటికొచ్చి, ఎదురుచూస్తున్న వాళ్లతో, "క్షమించండి, ఇవాళ క్రోసాన్లు లేవు. మళ్లీ పాడయ్యాయి" అంది. కొందరు లేచి వెళ్లిపోయారు. కేఫ్ ఆ పిల్లదే. వంటా ఆమే, వడ్డనా ఆమే. పోయేవాళ్ల వీపులు చూస్తూ నిలబడి, కళ్లు తుడుచుకుని, వీళ్ల బల్ల దగ్గరికొచ్చింది.

అప్పటికే డ్రైవరుగారి చేతుల్లో మంచు కట్టిన కాఫీ కప్పు తియ్యబోయి ఆగింది.

"బాబాయ్, ఇది మీ చేతుల వల్లేనా?"

"నా వల్లే తల్లీ. ఏం చెయ్యను, ఈ చలి వదలట్లేదు."

"లోపలికొస్తారా ఒక్కసారి?"

టైలరమ్మ అడ్డం వచ్చింది. "లోపలికెందుకమ్మా?"

"వెన్న కోసం పిన్నీ. పిండి పొరల మధ్య వెన్న పెట్టి మడతలు వెయ్యాలి. అది కరిగితే పొరలన్నీ కలిసిపోయి క్రోసాన్ బన్ను రాయవుతుంది. నా చేతులు చూడండి, నిప్పులు. ఈ గదిలో ఎంత తొందరపడ్డా కరిగిపోతోంది."

"మేం ఈ చలి వదిలించుకుందామని ఊరంతా తిరుగుతుంటే, నువ్వు దాన్నే పనిలో పెట్టుకుంటానంటావా?"

ఆ పిల్ల తల దించుకుంది. టైలరమ్మ ఇంకో మాట అనేదే. ఇంతలో డ్రైవరుగారు గ్లౌజులు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"ఓసారి చూసొస్తానే," అన్నాడు.

రిటైరయ్యాక ఆయన నోట ఏదైనా చేస్తానన్న మాట రావడం అదే మొదలు. ఆవిడ పక్కకి జరిగి దారిచ్చింది.

కిటికీలోంచి చూస్తూ నిలబడింది. "గట్టిగా నొక్కకండి బాబాయ్. పరవండి, మడవండి, తిప్పండి, మళ్లీ పరవండి" అని ఆ పిల్ల చెబుతోంది. ఆయన పిండి రేకుని, నిండు బస్సుని ఇరుకు మలుపులో తిప్పినట్టు, తొణక్కుండా తిప్పుతున్నాడు. మొదటిది వంకరపోయింది. రెండోదానికి అంచు చిరిగింది. "ఇంకోటివ్వు" అన్నాడు. భుజాలు నిటారుగా లేచాయి. వెన్న మాత్రం కరగలేదు. మధ్యాహ్నం దాటాక పొయ్యిలోంచి తీసిన పళ్లెంలో క్రోసాన్లు పొర మీద పొర విచ్చుకుని ఉన్నాయి. కొరికితే ఎండుటాకుల చప్పుడు.

మర్నాడు పొద్దున ఆయన తనంతట తానే లేచి, గడ్డం గీసుకుని, బస్సెక్కాడు. ఆ మర్నాడూ అంతే. సందు చివర కేఫ్ ముందు జనం మఫ్లర్లు చుట్టుకుని వరస కట్టడం మొదలైంది. "బస్సు డ్రైవరుగారి క్రోసాన్లు" అని వాళ్లే పేరు పెట్టారు.

టైలరమ్మ మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. గుండీలు కుట్టాల్సిన బట్టలు ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేది. రోజుకో రకం కాఫీ చేయించి ఆయన చేతిలో పెట్టి చూసేది. రోజూ గడ్డకట్టేది. "సరే, రేపు చూద్దాం" అనేది.

ఒకరోజు కేఫ్ కిక్కిరిసి ఉండగా ఆయన వంటగదిలోంచి ఒక్క ఉదుటున వచ్చాడు. "ఇలా రా, ఎన్ని పొరలొచ్చాయో చూద్దువుగాని!" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని లేపాడు. ఆవిడ ఒళ్లు జల్లుమంది. అప్పటికి గానీ ఆవిణ్ణి ముట్టుకున్నానన్న స్పృహ ఆయనకి రాలేదు. చటుక్కున వదలబోయాడు. ఆవిడ వదల్లేదు.

"చల్లగా లేదూ?"

"ఉంది. చాలా ఉంది."

"మరి వదులు."

"వదలను. పదండి."

దారిలో కూర్చున్నవాళ్లు కుర్చీలు జరుపుకున్నారు. బల్లల మధ్య నుంచి ఇద్దరూ వంటగది వైపు నడిచారు. గుమ్మం దాకా వచ్చేసరికి ఆవిడ వేళ్లు నీలిరంగు తిరిగి తిమ్మిరెక్కాయి. టైలరమ్మ ఆగి, ఇటువైపు నుంచి అటువైపుకి జరిగి, ఆయనకి తన రెండో చెయ్యి ఇచ్చింది.