ఎర్ర దారం కట్టిన రేడియోలు

మూడు రోజులుగా మేనేజరు గదిలో పని నుంచి తీసేయడానికి ఆరు పేర్ల కోసం వెతుకులాట సాగుతోంది. ఆరంటే ఆరే. హైదరాబాదులో ఉండే యజమాని ఫోనులో ఆ అంకె చెప్పి, పేర్లు మీరే చూసుకోండని పెట్టేశాడు.

ములుగు రోడ్డు మీద ఉన్న ఆ రేడియోల కార్ఖానాలో ఇరవై ఇద్దరు ఆపరేటర్లు ఉండేవారు. ఎనభై అయిదో సంవత్సరం అది. బజారులో ఎవరిని కదిపినా టీవీ మాటే. దుకాణాలవాళ్ళు రేడియోలు కొనడం తగ్గించడమే కాక, అమ్ముడుపోయాక మూగబోయినవాటిని గోనెసంచుల్లో వేసి తిరగ్గొడుతున్నారు.

టంకం బల్లలకు సూపర్వైజరు సమ్మమ్మ. పదకొండేళ్ళ నుంచీ ఆ పని ఆమెదే. కార్మికుల తరఫున ఒకరున్నట్టు కనబడాలని ఆమెను పిలిచి తలుపు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. మాట్లాడమని మాత్రం ఎవరూ అనలేదు. మొదటి రోజు సాయంత్రానికే ఆమెకు ఓపిక అయిపోయింది.

మొదటి రోజు కిషన్ రావు కానూను తీశాడు. ఆయన యజమాని బామ్మర్ది, అమ్మకాలు చూస్తాడు.

"ఎనుక వచ్చినోళ్ళు ముందు పోవాలె. కానూన్ గదే. ఇండ్ల ఫికర్ జేసేది ఏమున్నది?"

"గట్లయితే అరుణ పోతది సారు," అంది సమ్మమ్మ.

అరుణ కిషన్ రావు భార్యకు పినతల్లి కూతురు. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "కానూన్ ఒక్కటే సూస్తే ఎట్ల? మనుషులను గుడ సూడాలె."

రెండో రోజు మేనేజరు రాజేశ్వర్ రావు హాజరు పట్టీ తెచ్చాడు. నాగాలు ఎక్కువున్నవాళ్ళ పేర్లకు టిక్కు పెట్టుకుంటూ పోతే అందరికన్నా పైన సారయ్య తేలాడు. సారయ్య నెలలో పది రోజులు పనికి రాడు. ఎందుకు రాడంటే, యజమాని తల్లి పాలకుర్తి గుట్ట మీది గుడికి పోవాలన్నప్పుడల్లా కారు నడిపేది అతనే. రాజేశ్వర్ రావు పట్టీ మూసేశాడు. ఆ తర్వాత వయసు లెక్క అన్నారు. దాని ప్రకారం నర్సయ్య పోవాలి. నర్సయ్య యజమాని తండ్రి కాలం నుంచీ ఉన్న మనిషి. అదీ మూసేశారు. జల్లెడ ఏది తెచ్చినా ముందు తమవాళ్ళే రాలుతుంటే, తప్పు జల్లెడదే అన్నట్టు ఇంకో జల్లెడ తెస్తున్నారు.

మూడో రోజు పొద్దున రాజేశ్వర్ రావు ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

"దొరికింది సమ్మమ్మా. దారాలు!"

ఆ కార్ఖానాలో ఒక్కో ఆపరేటరుకు ఒక్కో రంగు దారం ఉంటుంది. బోర్డుకు టంకం పెట్టడం పూర్తయ్యాక, చేసినవాళ్ళు తమ దారం ముక్కను బోర్డు మూలనున్న మరమేకుకు ముడివేస్తారు. వాపసు వచ్చిన రేడియోలు విప్పి ఎవరి దారం ఎన్నింటికి ఉందో చూస్తే పనితనం తేలిపోతుందని ఆయన ఆలోచన. రాత్రి కూర్చుని అన్నీ విప్పాడట. చిట్టచివర తేలిన ఆరుగురిలో ఒక్కరూ పైవాళ్ళకు చుట్టం కారు. కిషన్ రావు తృప్తిగా తలాడించాడు.

"అందరికంటే ఖరాబు పని ఎర్రదారం. ముప్పయ్యొకటి వచ్చినై. ఎవలదో ఎరుకే గద?" అన్నాడు మేనేజరు.

"యాకమ్మది," అంది సమ్మమ్మ. అని లేచి నిలబడింది. "సారు, యాకమ్మ తీరుగ టంకం పెట్టేటోళ్ళు ఈ షెడ్డుల ఇంకొకలు లేరు."

"దారం అట్ల చెప్తలేదు గద!"

"దారం పాడుగాను! ఆఖరుకు ఎవలు చెయ్యి పెడ్తే వాళ్ళ దారం కట్టాలె. పాతది కోసెయ్యాలె. గది నేను పెట్టిన రూలే."

నిజంగానే అది ఆమె పెట్టిన నియమం. అయిదేళ్ళ కిందట, పరీక్ష బల్ల మీద పలకని రేడియో ఏదైనా వెనక్కి వస్తే ఆడవాళ్ళు కొట్టుకునేవారు. నేను చేసినప్పుడు బాగనే ఉండె, నువ్వే కెలికినవని ఒకరు, నువ్వు చేసిందే తగలడ్డదని ఇంకొకరు. ఆ గోల పడలేక, చివర ముట్టినవారిదే బాధ్యత అని సమ్మమ్మ తేల్చేసింది. ఆ తర్వాత చెడినవాటిని ముట్టడానికి ఎవరూ రాలేదు, యాకమ్మ తప్ప. తన పని త్వరగా ముగించుకుని అందరి చచ్చిన బోర్డులూ ముందేసుకునేది. పాత దారం కోసి ఎర్రది కట్టేది. ఆమె బాగుచేసిన అతుకు నిలిచేది. అదే బోర్డులో వేరేవాళ్ళు పెట్టిన ఇంకో అతుకు దుకాణానికి పోయాక ఊడేది.

"అరగంట ఇయ్యుండ్రి. ఒక్కొక్కటి చూపెడ్త," అంది సమ్మమ్మ.

రాజేశ్వర్ రావు భూతద్దం ఇచ్చాడు. ఆమె మొదటి బోర్డును కిటికీ వెలుగులో పట్టింది. "ఇగో, ఇది యాకమ్మ పెట్టిన అతుకు. అద్దం తీరుగ మెరుస్తాంది. పలకకుంట జేసింది ఇది గాదు, పక్కది. చూడుండ్రి, బూడిద తీరుగున్నది. వేలు పెట్టి కదిపితే ఊగుతాంది."

మేనేజరు వంగి చూశాడు. రెండోదీ చూశాడు. మూడోది చూశాక, "నిజమే," అన్నాడు. వెంటనే జేబులోంచి పెన్సిలు తీశాడు. "మరి ఈ ఊగేటివి ఎవలవి? నీకు చెయ్యి గుర్తువడ్తది గద. చెప్పు, రాసుకుంట."

పదకొండేళ్ళుగా చూస్తున్న చేతులు. టంకం బొట్టు చూస్తే మనిషి ముఖం కనబడుతుంది. మొదటిది ఎవరిదో ఆమెకు తెలుసు, మూడోదీ తెలుసు. ఒకరిని బయటికి లాగబోతే ఇంకొకరిని లోపలికి తోయమని పెన్సిలు ఎదురుచూస్తోంది. ఆమె నాలుగో బోర్డు తీసుకుంది.

అందులో ఊడిన తీగ రెండు చుట్లు చుట్టి ఉంది. ఒక చుట్టు సరిపోయే చోట రెండు చుట్లు వేసే అలవాటు ఆ షెడ్డులో ఒక్కరికే ఉంది. ఆ టంకం బొట్టు తీగ మీద కాక తీగ పక్కన పడి ఉంది, గురి తప్పినట్టు. అయిదోదీ అంతే. ఎనిమిదోదీ, తొమ్మిదోదీ అంతే. సమ్మమ్మ భూతద్దం పక్కన పెట్టి కళ్ళు నులుముకుంది. ఆ రెండు చుట్లు తనవే. ఎవరైనా పనికి రాని రోజు ఆ ఖాళీ బల్ల దగ్గర కూర్చుని బోర్డులు చేసేది తనే.

"ఇప్పుడే వస్త సారు," అని షెడ్డులోకి నడిచింది.

యాకమ్మ తల వంచుకుని పని చేసుకుంటోంది. సమ్మమ్మ బోర్డును ఆమె ముందు పడేసింది.

"ఇది నా పనే గదనే?"

యాకమ్మ దాన్ని చూసి చూడనట్టు, "అయితే అయితది. బాగుజేసిన గద," అంది.

"ఎప్పటిసంది చేత్తానవ్?"

"బతుకమ్మ పండుగ కాడికెల్లి. నీ కండ్లకు అవుపడ్తలేదక్కా. తీగ మీద పెట్టబోయి పక్కకు పెడ్తానవ్."

"మరి చెప్పద్దా?"

"సూపర్వైజర్‌వి. నీ కండ్లు పోయినయని నేనెట్ల చెప్త?"

"నోరు పెట్టి చెప్తవు! దవాఖానకు పోయి అద్దాలు పెట్టించుకుందును గద! మంచితనం జేత్తానవా? నీ మంచితనం వల్ల లిస్టుల అందరికంటే మీద నీ పేరే ఉన్నది, తెల్సా?"

యాకమ్మ చేతిలో టంకం కడ్డీ ఆగింది. పక్క బల్లల మీదా చేతులు ఆగాయి. ఆ చేతుల్లో సగం బోర్డులు యాకమ్మ బతికించినవే. అయినా ఒక్కరూ నోరు తెరవలేదు. తెరిస్తే ఆ పెన్సిలు ఎటు తిరుగుతుందో వాళ్ళకూ తెలుసు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామనుకుంది సమ్మమ్మ. రాలేదు. ఉన్న కోపమంతా గదిలోకి తీసుకుపోయింది.

"రాసుకోండి సారు. పేరు సమ్మమ్మ. ఈ తొమ్మిదిట్ల నాలుగు నేను జేసినయే."

రాజేశ్వర్ రావు పెన్సిలు కిందికి దించాడు. "నీది నడ్వదు. ఆరుగురు ఆపరేటర్లు గావాలె. నువ్వు సూపర్వైజర్‌వి."

"ఖరాబు పని చేసింది నేను. ఇంక ఎవల పేరు రాత్తరు?"

"యాకమ్మ పేరుంది గద. అది ఆపరేటర్‌ల కిందికే వస్తది. సేటుకు ఆరు అంకె పోవాలె. నీ పేరు రాస్తే అయిదే అయితది."

మూడు రోజులు స్టూలు మీద కూర్చుని దిగమింగినదంతా సమ్మమ్మ గొంతులోకి వచ్చింది. "అయితే నన్ను ఆపరేటర్‌ను చెయ్యుండ్రి! ఇప్పుడే చెయ్యుండ్రి! యాకమ్మను సూపర్వైజర్‌ను చెయ్యుండ్రి. ఒక కాయిదం గది. రెండో కాయిదం మీద ఆరుగురి పేర్లు, అండ్ల నాది. సరిపోయె గద!"

గదిలో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె వెటకారం చేస్తోందేమోనని రాజేశ్వర్ రావుకు అనుమానం. కిషన్ రావు వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుని, "ఆరు అయితది," అన్నాడు. "యాకమ్మకు ఆపరేటర్ జీతమే ఇయ్యచ్చు గూడ."

"నా జీతమే దానికి ఇయ్యాలె," అంది సమ్మమ్మ. "లేకపోతే ఈ ముప్పయ్యొక్క రేడియోలు గోనెసంచుల ఏసుకొని హైదరాబాదు బస్సెక్కుత. ఒక్కొక్క అతుకు సేటుకే చూపెడ్త. పాలకుర్తి గుట్ట పేరు జెప్పి పట్టీ మూసిన ముచ్చట గూడ చెప్త."

రాజేశ్వర్ రావు రెండు వేళ్ళతో టైపు మిషను కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి కాయితంలో సమ్మమ్మ ఆపరేటరైంది, ఆమె జీతంతో యాకమ్మ సూపర్వైజరైంది. రెండో కాయితంలో ఆమె కొలువు పోయింది. రెండింటికీ మధ్య పావుగంట పట్టింది, మిషను రిబ్బను ఇరుక్కోవడం వల్ల. నెల తిరిగితే ఏం తినాలన్న ఆలోచన ఆమెకు అప్పుడు వచ్చింది. అద్దాలు ఎట్లా పెట్టించుకోవాలన్నది దాని వెనకే వచ్చింది.

సంతకాలయ్యాక రాజేశ్వర్ రావు పేర్ల కాయితం అందించాడు. "బయట బోర్డుకు అంటించు."

"నేను ఆపరేటర్‌ను సారు. అంటిచ్చుడు సూపర్వైజర్ పని."

ఆయన సరే అని తలుపులోంచి యాకమ్మను పిలవబోయాడు. సమ్మమ్మకు ఒళ్ళు మండింది. మొదటి దినం మొదటి పనిగా యాకమ్మతో ఈ కాయితం అంటింపజేస్తారా? ఆ మిగతా అయిదుగురూ జీవితాంతం దాని ముఖమే గుర్తుపెట్టుకోరూ?

"ఆగుండ్రి," అని కాయితం లాక్కుంది. "నేనే అంటిస్త. జిగురేది?"

మేనేజరు సొరుగులు లాగాడు. కిషన్ రావు బల్ల కింద వెతికాడు. జిగురు గిన్నె ఇన్నేళ్ళుగా కిటికీ మీదే ఉంటుంది. ఆమె వాళ్ళిద్దరినీ కాసేపు వెతకనిచ్చి, తర్వాత తనే చెయ్యి చాపి తీసుకుంది.