మూడో నీళ్లు

వచ్చే శుక్రవారానికి దేవసహాయం దాణా మిల్లుకు యాభై ఏళ్లు నిండుతాయి. ఆ సాయంత్రం మిల్లు షెడ్డులోనే కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. అక్కడ చదవడానికి మార్టిన్ రెండు పేజీల మిల్లు చరిత్ర రాశాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక కళ్లజోడు సర్దుకుని భార్య సుసన్నాకు వినిపించడం మొదలుపెట్టాడు.

ఆగిరిపల్లి నుంచి నూజివీడు వెళ్లే రోడ్డు పక్కన తండ్రి దేవసహాయం పాత డీజిల్ ఇంజను ఒకటి కొని షెడ్డు వేయడం, మొదట్లో తవుడూ వేరుశనగ చెక్కా మాత్రమే ఆడించడం, రసం ఫ్యాక్టరీలు పారబోసే మామిడి టెంకలు చూసి ఆయనకు ఆలోచన రావడం, టెంకలోని జీడి కలిపిన ఆ దాణాకు ముసునూరు, జి. కొండూరు దాకా పేరు రావడం, అన్నీ వరసగా వచ్చాయి.

"తొంభై ఆరులో ఒక పనివాడి నిర్లక్ష్యం వల్ల మిల్లుకు చెడ్డపేరు వచ్చినా, దేవుని కృపతో నాన్నగారు నిలదొక్కుకున్నారు."

"ఆ ముక్క ఇంకోసారి చదవండి," అంది సుసన్నా.

చదివాడు.

"అది తప్పండీ."

"తొంభై ఐదంటావా?"

"ఏడాది కాదు. ఆ తప్పు గంగరాజుది కాదు. నాది."

మార్టిన్ కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాడు.

మామిడి జీడిని ఉన్నపళంగా పొడిచేసి కలిపితే ఆ వగరుకు గేదె మూతి తిప్పుకుంటుంది. అందుకే జీడిని తొట్టెలో నానబోసి, మూడు రోజులు రోజుకోసారి నీళ్లు మార్చాలి. మూడో నీళ్లు పారబోశాకే ఆరబెట్టాలి. ఆరాధన రోజని ఆదివారం మిల్లు తెరిచేవాళ్లు కాదు. కానీ తొట్టెలోని జీడికి ఆదివారమేం తెలుసు? అందుకని పెద్దాయన ఒక ఏర్పాటు చేశాడు. చర్చికి వెళ్లే పని లేని గంగరాజు ఆదివారం వచ్చి నీళ్లు మార్చి వెళ్లేవాడు.

సుసన్నా కాపురానికొచ్చి అప్పటికి రెండు నెలలు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లోవాళ్లంతా నూజివీడు పెళ్లికి వెళితే, జ్వరంగా ఉందని ఆమె ఆగిపోయింది. గంగరాజు బకెట్టుతో ఇంటి పక్కనే ఉన్న మిల్లులోకి వెళ్లబోతుంటే చూసింది. మనం చెయ్యకూడని పని ఇంకొకరి చేత చేయిస్తే అది మన పని కాకుండా పోతుందా అనిపించింది. "ఈ రోజు ఎవరూ పనిచెయ్యొద్దు గంగన్నా. నువ్వూ ఇంటికెళ్లి పడుకో," అని పంపేసింది. మంచిపని చేశాననే అనుకుంది.

ఆ మాట మామగారికి చెప్పాలని తోచలేదు. మర్నాడు తెల్లవారకముందే గంగరాజు నాట్లకని అత్తగారి ఊరు వెళ్లాడు. పెద్దాయన వేళ్లు మడిచి శుక్రవారం, శనివారం, ఆదివారం అని లెక్కపెట్టి, మూడో నీళ్లూ అయ్యాయనుకుని జీడి ఆరబోయించాడు. రెండు వారాలు తిరక్కుండానే బస్తాలు వెనక్కి రావడం మొదలైంది. గేదెలు మూతి పెట్టడం లేదన్నారు, పెట్టినవి పాలు తగ్గించాయన్నారు.

"అప్పుడు వాడు నీ మీదే చెప్పాడుగా, చిన్నమ్మగారు వద్దన్నారని. కొత్త కోడలి మీద నింద వేస్తావా అని నాన్న గెంటేశాడు."

"మామగారు నా ముఖంలోకి చూశారండీ. నేను తల వంచుకున్నాను. భయమేసింది."

మార్టిన్ కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

"ముప్పై ఏళ్లు ఊరుకుని ఇప్పుడెందుకే? ఎన్నిసార్లు ప్రార్థనలో ఒప్పుకుని ఉంటావు? దేవుడు క్షమించడా?"

"క్షమించాడనే అనుకుంటున్నా. గంగరాజేమన్నాడో ఎప్పుడూ అడగలేదు."

"ఆడవాళ్ల కూడిక నడిపేదానివి. రేపు నీ మాట ఎవరు వింటారు?"

"వినకపోతే మానేస్తారు. ఆ వాక్యం మాత్రం అలా చదవడానికి వీల్లేదు."

మర్నాడు పొద్దున్నే స్కూటీ తీసింది. గంగరాజు ఊరి చివర కౌలు తోటలో మామిడి చెట్లకు పాదులు తీస్తున్నాడు. గట్టు మీద టిఫిన్ క్యారియర్ విప్పుతున్న అతని భార్య కృష్ణవేణి ముందుగా చూసింది.

"ఇదిగో, దాణా మిల్లు అమ్మగారొచ్చారు. వగరు గంగరాజు గారికి మళ్లీ ఉద్యోగమిస్తారేమో, తలపాగా సర్దుకో!"

ఆ పేరు విని సుసన్నా గతుక్కుమంది. ఊళ్లో గంగరాజులు ముగ్గురున్నారు. గుర్తుకోసం ఇతన్ని అలా పిలుస్తారని ఆమెకూ తెలుసు. అతని ఇంట్లోనే ఆ మాట వినడం ఇదే మొదటిసారి.

"ఏంటమ్మా, ఇంత దూరం వచ్చారు?" అన్నాడు గంగరాజు పలుగు ఆనుకుని.

చెప్పులు విడిచి పాదు పక్కన నిలబడి మొత్తం చెప్పింది. అతను అడ్డు రాకుండా విన్నాడు.

"ఇది చెప్పడానికా ఎండలో పడొచ్చారు? నాకు తెలీందేముందమ్మా. ఆ రోజు బకెట్టు నా చేతిలోనే ఉందిగా."

కృష్ణవేణి కిసుక్కున నవ్వింది. గంగరాజు నవ్వలేదు.

"తెలీనోళ్లు ఊరంతా ఉన్నారు. ఆ తర్వాత ఏ మిల్లోడూ నన్ను గేటులోకి రానివ్వలేదు. చెప్తే ఆళ్లకి చెప్పండి."

"శుక్రవారం చెప్తాను. మీరూ రావాలి, గంగరాజన్నా."

"నేనొచ్చి నిలబడ్డాక, అప్పట్లాగే మళ్లీ తల దించుకుంటే?"

"దించుకుంటే అందరి ముందూ అడగండి."

అతను పలుగు ఎత్తాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

శుక్రవారం షెడ్డు నిండింది. సంఘస్తులు ముందు కుర్చీల్లో, దాణా కొనే రైతులు వెనక బెంచీల మీద కూర్చున్నారు. పాట అయింది, పాస్టరు గారు ప్రార్థన చేశారు. మార్టిన్ చరిత్ర చదివాడు. తొంభై ఆరు దగ్గరకొచ్చేసరికి సుసన్నా కుర్చీ అంచుకు జరిగింది. అతను ఆ ఏడాదిని దాటేసి నేరుగా కరెంటు మోటారు కొన్న సంగతికి వెళ్లిపోయాడు. అబద్ధం చదవలేదు, నిజమూ చదవలేదు. ఇదీ ఒకందుకు మేలేమో, ఎవరికీ నొప్పి లేదు కదా అని ఒక్క క్షణం ఆమెకూ అనిపించింది. వెనక్కి తిరిగి చూసింది. బస్తాల వరస పక్కన గంగరాజు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

సాక్ష్యం చెప్పేవాళ్లు రావచ్చని పాస్టరు గారు అనగానే లేచింది.

"అందరికీ వందనాలు. మా మిల్లు చరిత్రలో ఒక ముక్క తప్పిపోయింది. తొంభై ఆరులో దాణా వగరెక్కింది నా వల్ల. నీళ్లు మార్చడానికొచ్చిన గంగరాజన్నను వెనక్కి పంపింది నేను. ఆయన నిజం చెప్తే మా మామగారు నమ్మలేదు. నేను నోరు తెరవలేదు. ఆదివారాన్ని కాపాడుకున్నాను గానీ మనిషి అన్నం పోతుంటే చూస్తూ ఊరుకున్నాను."

ముందు వరసలో ఎవరో దగ్గారు. పాస్టరు గారు తల వంచుకున్నారు. వెనక నుంచి వెంకటలక్ష్మి అనే పాడి రైతు లేచింది.

"అదేంటమ్మా! మా గేదె పాలెగ్గొట్టిందని ఆయన గుమ్మంలోకెళ్లి నోటికొచ్చినట్టు తిట్టొచ్చానే! ఇప్పుడా తిట్లన్నీ ఎవరికియ్యను?"

"నాకివ్వు లక్ష్మీ. పడతాను."

కొందరు నవ్వారు. ఆ నవ్వు ఆగాక గంగరాజు రెండడుగులు ముందుకు వేశాడు.

"అమ్మగారు ఒక ముక్క వదిలేశారు," అన్నాడు. "మీరు పొమ్మనగానే నేను పోలేదు. గేటు బయట మధ్యాహ్నం దాకా కూర్చున్నా. జీడి పాడవుద్ది, ఒక్కసారి పిలిస్తే చాలు, వెళ్లి నీళ్లు మార్చేద్దామని. ఎవరూ పిలవలేదు."

"నాకది తెలియదన్నా," అంది సుసన్నా.

"తెలియాలనే చెప్పా."

ఆమె కన్నీళ్లు తుడుచుకుని మార్టిన్ దగ్గరకు నడిచింది. "ఏమండీ, ఆయన చెప్పింది రాయండి."

"ఎక్కడ రాయమంటావు?"

"మీరు దాటేసిన చోట."

మార్టిన్ చుట్టూ చూశాడు. అందరూ అతని చేతిలో కాగితం వైపే చూస్తున్నారు. పాస్టరు గారు తన పెన్ను అందించారు. వరసల మధ్య ఖాళీ చాలక అంచులో నిలువుగా రాశాడు. తలెత్తి, "నాన్న తప్పుగా గెంటేశాడని కూడా రాశాను," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

"మధ్యాహ్నం దాకా కూర్చున్నానని పెట్టారా?" అడిగాడు గంగరాజు.

"పెట్టాను."

"అయితే మొదట్నించీ చదవండి," అంటూ గంగరాజు ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.