గుమ్మం వైపు చూసిన మహాకాలుడు

కొయ్యశిల్పుల ఊరైన బుంగమతిలో పంచవీర్ శిల్పకార్ చెక్కిన మహాకాలుడంటే లలిత్‌పూర్ పట్నం దాకా పేరు. ఇంటికి కాపలా దేవుడని పూజకు పెట్టుకునే జానెడు కొయ్య విగ్రహాలు. కోరలతో ఉగ్రంగా ఉన్నా ఇంటివాళ్లకు ధైర్యంగా ఉండేది. పక్షవాతంతో ఆయన కాళ్లూ చేతులూ పడిపోయాక కూడా ఆ విగ్రహాలు వస్తూనే ఉన్నాయి. చెక్కేది కూతురు హీరాశోభ, వెనకగదిలో తలుపు వేసుకుని. ఆడపిల్ల చెక్కిందంటే ఎవరూ కొనరని తండ్రి భయం. రోజూ పొద్దున ఆమే ఆయన్ని వీధి అరుగు మీద కూర్చోబెట్టి, ఆయనే చెక్కుతున్నట్టు ఒళ్లో ఉలి పెట్టి, చేతులు కనపడకుండా శాలువా కప్పి లోపలికి పోయేది. వచ్చిన సంబంధాలన్నిటికీ ఆయన ఏదో ఒక వంక పెట్టాడు. ఎందుకో ఆమెకు తెలుసు.

ఒక మధ్యాహ్నం పెమా అనే షెర్పా ముసలామె తాను కొన్న విగ్రహాన్ని గుడ్డలో చుట్టి తిరిగి తెచ్చింది.

"విరిగిందా అమ్మా?" అన్నాడు పంచవీర్.

"విరగలేదు. కాపలావాడు లోపలికొచ్చేవాణ్ణి చూడాలి గదా నాయనా, వీడు గుమ్మం దాటి బయటపడే దారి చూస్తున్నాడు. దీపం పెడుతుంటే నాకే ఊపిరాడ్డం లేదు. చెక్కిందెవరు?"

"నేనే. ఇంకెవరు?"

"అయితే పట్టుకో. కళ్ల దగ్గర తేడా ఏమిటో చెప్పు."

శాలువాలోంచి చెయ్యి లేవలేదు. విగ్రహంతో పెమా చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి.

తలుపు వెనక వింటున్న హీరాశోభ మరుక్షణం చేతులకు అంటిన కొయ్యపొట్టుతోనే బయటికి వచ్చింది.

"నేను చెక్కానవ్వా. ఇలా ఇవ్వండి, సరిచేస్తాను."

"లోపలికి పో," అన్నాడు తండ్రి.

"పోను నాన్నా. వెలుతురు ఇక్కడే బాగుంది."

పెమా ఆమె అరచేతిలోని కాయలు తడిమి చూసి, "సరే, నువ్వే దిద్దు," అంటూ అరుగు చివర కూర్చుంది. ఎదురింటి కొయ్యపనివాడు నవ్వాడు. "ఏం పంచవీర్ బాబాయ్, నీ చేతికి గాజులెప్పుడు పడ్డాయి?"

హీరాశోభ తలెత్తలేదు. లోపలికొచ్చేవాణ్ణి చూసేలా కనుపాపల్ని కాస్త కిందికి దింపి, విగ్రహం తుడిచి ఇచ్చింది.

పెమా వెళ్లాక తండ్రి మెల్లగా అన్నాడు. "నన్ను లోపలికి తీసుకుపోవే."

"కోపమొచ్చిందా?"

"కోపం కాదు. ఇన్నేళ్లుగా ఇక్కడ కూర్చోబెడుతున్నావు. ఈగ వాలినా తోలుకోలేను. ఎవరు చెయ్యి చాపమంటారోనని రోజంతా గుండెదడ. నీకైతే చాటుకు ఒక తలుపైనా ఉండేది."

ఆమె ఎన్నడూ అలా ఆలోచించలేదు. చంకల కింద చేతులు వేసి లేపి, వెనకగదిలో తన చాప మీదే పడుకోబెట్టింది.

ఆ నెలలో కొందరు విగ్రహాలు వద్దని కబురు పంపారు. కొందరు ఏమీ అడగకుండా పట్టుకెళ్లారు. మళ్లీ ఒక సంబంధం వచ్చింది. ఈసారి తండ్రి సరేనన్నాడు.

"మరి నీకు అన్నం ఎవరు తినిపిస్తారు?" అంది హీరాశోభ.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ఆ సంబంధం వద్దని కబురు పంపి, ఉలి తీసుకుని అరుగు మీదికి వెళ్లి కూర్చుంది. లోపల ఆయన దగ్గినప్పుడల్లా ఉలి పక్కన పెట్టి లేచేది.