చిట్కాల బావగారు సర్దిన కంప్యూటర్

చిట్కాల బావగారు గుమ్మంలో అడుగు పెట్టారంటే ఆ ఇంట్లో ఏదో ఒక వస్తువుకు మూడినట్టే. పోయినసారి గోడ గడియారం, అంతకుముందు నీళ్ల ట్యాంకు. ఈసారి రాతి మేస్త్రి భార్య కంప్యూటర్ వంతు వచ్చింది.

బావగారంటే ఆమె సొంత అక్క మొగుడు. ఏదో ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరయ్యారు. అక్కడేం వెలగబెట్టారో తెలియదు గానీ, బయటికొచ్చాక మాత్రం ఊరందరి కంప్యూటర్లూ బాగుచేసే భారం నెత్తిన వేసుకున్నారు. ఎవరూ పిలవక్కర్లేదు. తెర కనబడితే చాలు, కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఆయన లేచేసరికి ఆ కంప్యూటర్ గలవాళ్లకే అది కొత్తగా ఉంటుంది.

మేస్త్రి సమాధి రాళ్లు చెక్కుతాడు. రాతి మీద రాయాల్సిన మాటలు చనిపోయినవాళ్ల మనుషులను అడిగి, కంప్యూటర్లో టైపు చేసి, కాగితం మీద అచ్చు తీసేది ఆమె. అతను ఆ కాగితాన్ని రాతికి అంటించి, అక్షరాల వెంటే ఉలి నడుపుతాడు. ఏం రాసుందో మాత్రం చచ్చినా చదవడు. "చదివితే మనిషి గుర్తొస్తాడే, చెయ్యి వణుకుతుంది" అంటాడు. అతని లెక్క అది.

ఆమె లెక్క ఇంకొకటి. షెడ్డులో రాళ్లు నాలుగు వరసలుగా నిలబడి ఉంటాయి. కంప్యూటర్ తెర మీద ఫైళ్లు కూడా సరిగ్గా అవే నాలుగు వరసల్లో ఉంటాయి. రాయి ఎక్కడుంటే దాని ఫైలూ అక్కడే. రాయి జరిగితే ఫైలునూ జరుపుతుంది. ఇక వాటికి పేర్లెందుకు దండగ! అన్నీ 'కొత్తది ఒకటి', 'కొత్తది రెండు' అనే ఉంటాయి. షెడ్డులోంచి మేస్త్రి "రెండో వరస, మూడోది!" అని కేకేస్తే, ఆమె తెర మీద రెండో వరసలో మూడోది అచ్చు తీసి ఇస్తుంది. పదకొండేళ్లలో ఒక్క అక్షరం అటూఇటూ కాలేదు.

ఆ రెండో వరస మూడో రాయి బావగారి తల్లిదే. పెద్దావిడ పోయి నెల దాటింది. బతికుండగానే ఒకరోజు రిక్షా కట్టించుకుని వచ్చి, షెడ్డంతా తిరిగి, నల్లగా నిగనిగలాడే ఆ పలకను తానే ఎంచుకుంది. అలాంటిది మళ్లీ దొరకదు, ఆ గని మూతపడింది. దాని మీద ఏం రాయాలో కూడా కుర్చీలో కూర్చుని రెండు వాక్యాలు తానే చెప్పింది.

"మావాడికి మాత్రం చూపించకమ్మాయ్. చూశాడంటే బాగుచేస్తాడు" అంది.

"రాయి నిలబెట్టేదాకా చూపించను అత్తయ్యగారూ, ఒట్టు" అని చేతిలో చెయ్యేసింది ఆమె. పేరు చెక్కడం పోయినవారమే అయిపోయింది. మర్నాడు మధ్యాహ్నం బంధువులందరి ముందూ రాయి నిలబెట్టాలి. మిగిలింది ఆ రెండు వాక్యాలే.

దానికి ముందురోజు పొద్దున పునాది కొలతలకని ఆమె శ్మశానానికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే ఊడిపడ్డారు బావగారు, ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూద్దామని. ఏర్పాట్లు గాలికొదిలి కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"రామ్మా మరదలా, రా! ఇన్నాళ్లూ దీన్ని ఎలా వాడావమ్మా? సంతలా ఉంది! ఇప్పుడు చూడు."

చూసింది. తెర నిండా మంచుకొండ బొమ్మ. అక్షరాలు రెండింతలు పెద్దవయ్యాయి. బాణం గుర్తు పచ్చగా మెరుస్తోంది. ఫైళ్లన్నీ ఎడమవైపు గోడకు ఆనించినట్టు, వరస తప్పకుండా, బడిపిల్లల్లా నిలబడ్డాయి.

"పేరును బట్టి సర్దేశా. ఒక్క నొక్కు, అంతే! మొదలుపెట్టగానే తెరుచుకునే చెత్తంతా ఆపేశా. ఇక రాకెట్టే. ఇంకో చిట్కా చెప్పనా? మౌస్ ముట్టుకోకుండా అచ్చు తీయొచ్చు. పొద్దున మీ ఆయన కేకేస్తే అలాగే తీసిచ్చా. రెండు మీటలు, ఠకీమని..."

ఆమె మధ్యలోనే అందుకుంది. "ఏది తీసిచ్చారు?"

"ఆయన అడిగిందేనమ్మా. రెండో వరసలో మూడోది."

ఆమె చేతిలోని టేపు అక్కడే పడేసి షెడ్డులోకి పరుగెత్తింది. మేస్త్రి పని ముగించి, తడిగుడ్డతో రాతి మీది దుమ్ము తుడుస్తున్నాడు. నల్లటి పలక మీద పెద్దావిడ పేరు కింద, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా ఉంది:

*విజిల్ ఊదితే ఊరంతా ఆగింది. ఈరోజు తానే ఆగిపోయాడు.*

అది నాలుగో వరసలోని ట్రాఫిక్ పోలీసుది.

"దేవుడా!" అని ఆమె నుదురు కొట్టుకుంది. మేస్త్రి పెళ్లయ్యాక మొదటిసారి తాను చెక్కిన మాటలు చదివాడు. చదివి, ఉలి కింద పెట్టేశాడు.

వెనకాలే వచ్చిన బావగారు కళ్లజోడు సర్దుకుని చదివారు. ఆ తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన మాట వింటే ఆ రాయికైనా ఒళ్లు మండేది.

"దీన్ని... వెనక్కి తీసుకునేందుకు ఏదో ఒక దారి ఉంటుందిగా?"

"ఉంది బావగారూ. ఏ మీట నొక్కాలో మీరే చెప్పండి" అంది ఆమె. "ఇంత తెలివి పెట్టుకుని, చేతిలో ఉన్న కాగితం ఒక్కసారి చదవలేకపోయారా? మీ అమ్మగారి రాయండీ అది! మీ అమ్మగారిది!"

ఆయన పాలిపోయారు. మేస్త్రి మాత్రం పలక చుట్టూ ఒకసారి తిరిగి, వెనకవైపు అరచేతితో నిమిరాడు. "ఇటుపక్క నున్నగానే ఉంది. పొద్దున్నే కూర్చుంటే పేరూ, రెండు వాక్యాలూ అయిపోతాయి. కాకపోతే విజిల్ వెనకాల ఉండిపోతుంది. ఎప్పటికీ" అన్నాడు.

ఆమె వెళ్లి ఆ చక్కగా సర్దిన ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచింది. ఇరవయ్యారోది తెరిచాక దొరికింది. అచ్చు తీసింది, మౌస్ తోనే. ఒట్టు గుర్తుంది. కానీ ఇంకా దాచి ఎవరిని కాపాడాలి? కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"చదవండి. ఈసారి చదివే ఇవ్వండి."

*యాభై ఏళ్లు మావాడు నా వంటింటి డబ్బాలు సర్దుతూనే ఉన్నాడు, నేను వెతుక్కుంటూనే ఉన్నాను. ఇక్కడైనా దేన్నీ కదపకండి.*

బావగారు రెండుసార్లు చదివారు. "అమ్మ ఎప్పుడూ ఒక్క మాట అనలేదే" అన్నారు.

"అంటే విన్నారా?" అంది ఆమె. జాలి పడదామనుకుంది గానీ, రాలేదు.

మేస్త్రి పలకను తిప్పి, జిగురు పూసి, కాగితం అంటించాడు. "ఆరేదాకా ఎవరైనా పట్టుకోవాలి. ఇంకో రెండు రాళ్లకు పూత పెట్టాలి నేను."

"నేను పడతా" అన్నారు బావగారు. రెండు అరచేతులూ కాగితం అంచుల మీద ఆనించి, రాతి ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. కాసేపు బుద్ధిగానే ఉన్నారు. తర్వాత తల పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, పై వాక్యాన్ని కొలుస్తున్నట్టు చూశారు. బొటనవేలు కదిలింది.

"అమ్మాయ్, ఇది ఇసుమంత ఎడమకు జరిపితే..."

అంటూనే ఆయన కళ్లు కింది వాక్యం మీద పడ్డాయి. బొటనవేలు వెనక్కి వచ్చింది. ఆయన భుజాలు కదులుతున్నాయి, ముక్కు కారుతోంది, చేతులు మాత్రం తీయలేదు. జిగురు ఆరడానికి ఇంకా అరగంట పడుతుంది. ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, ఆ చేతులనే చూస్తూ ఉంది.