నూటికి పదిహేను

"ఈ చొక్కా ఒక్కటి ఇస్త్రీ చేసిపెట్టు, ఐదు నిమిషాల పనేగా" అన్నాడు మా ఆయన, ఆదివారం పొద్దున్నే. నేను మెళ్లో ఉన్న స్టాప్‌వాచ్ నొక్కాను.

ఆ వాచ్ మా బట్టల ఫ్యాక్టరీది. కాలరు కుట్టడానికి ఎన్ని సెకన్లు, గుండీకి ఎన్ని అని కొలిచి టైము కట్టడమే నా ఉద్యోగం. నేను కట్టిన టైముతో రెండొందల మంది టైలర్లు పని చేస్తారు. అలాంటి నాకు "టైము ప్లాన్ చేసుకోవడం రాదు" అని పన్నెండేళ్లుగా ఇంట్లో చెబుతున్నారు. నేనూ నమ్మాను, అదీ విడ్డూరం!

నిరుడు సూపర్‌వైజర్ ట్రైనింగుకి నా పేరు పంపారు. మూడు నెలలు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా క్లాసులు. ఎంచక్కా ప్లాన్ వేసుకున్నాను: నాలుగింటికి లేవడం, వంట అరగంట, బట్టలు పది నిమిషాలు, అత్తగారి మందులు రెండు నిమిషాలు. పదో రోజు క్లాసులో పుస్తకం మీదే తల వాల్చి గురక పెట్టాను. మానేశాను. "చెప్పానా, నీ వల్ల కాదని" అన్నాడాయన. "పోనీలేమ్మా, ఇంటిపట్టున ఉంటావు" అని అత్తగారు ఓదార్చారు. ఒళ్లు మండింది, కానీ ఆ మంటంతా నా మీదే. ఈ ఏడు మళ్లీ ఆ ట్రైనింగు మొదలవుతోంది. ఈసారి మా మేనేజరమ్మ ఖరాఖండిగా చెప్పేసింది: "మళ్లీ మానేస్తే ఇక నీ పేరు పంపను. ఆదివారం సాయంత్రంలోగా ఫోన్ చెయ్యి."

చొక్కా బట్టల గుట్టలోంచి లాగి, మధ్యలో ఆయన కళ్లజోడు వెతికిచ్చి, అత్తగారు పిలిస్తే రెండుసార్లు వెళ్లొచ్చి ఇస్త్రీ ముగించేసరికి ఇరవై రెండు నిమిషాలు. రెండు నిమిషాల మందులు మోకాళ్ల నొప్పి కబుర్లతో కలిపి పద్దెనిమిది. సాయంత్రం దాకా అన్నీ కొలిచి రాశాను.

అప్పుడు దొరికింది నా తప్పు. ఫ్యాక్టరీలో ఎవరికి టైము కట్టినా నూటికి పదిహేను వంతులు అదనంగా కలుపుతాను. దారం తెగుతుంది, దాహం వేస్తుంది, నడుం పట్టేస్తుంది, మనుషులు కదా. కలపకపోతే టైలర్లు నన్ను బతకనిస్తారా? నా ప్లానులో మాత్రం ఒక్క నిమిషం కలుపుకోలేదు. ఇంత తెలిసినదాన్ని, ఎంత తెలివితక్కువ పని చేశాను! ఏడవాల్సింది, నవ్వొచ్చింది.

కొత్త ప్లాన్ రాశాను. పదిహేను వంతులూ కలిపాను, కూర్చుని టీ తాగడానికి పావుగంట పెట్టాను, ఆరు నుంచి ఎనిమిది క్లాసు. ఇంటి పనులన్నీ వరసగా రాసి, నా రోజులో పట్టినవాటి పక్కన నా పేరు పెట్టి ఫ్రిజ్‌కి అంటించాను.

"ఇస్త్రీ, రాత్రి వంట, అమ్మ మందులు... వీటి పక్కన పేరు లేదేం?" అన్నాడాయన.

"నా రోజులో పట్టలేదండీ."

"కాస్త ప్లాన్ చేసుకుంటే పడతాయి."

"ప్లాన్ చేశాకే పట్టలేదు. మా ఫ్యాక్టరీలో పని ఇలా మిగిలితే ఇంకో మనిషిని వేస్తారు."

"ఐదు నిమిషాల పనులకి ఇంత రాద్ధాంతమా! రేపటి చొక్కా నేనే చేసుకుంటాలే."

వాచ్ తీసి ఆయన చేతిలో పెట్టి నొక్కాను. "కానివ్వండి. మీకూ నూటికి పదిహేను కలుపుతాను."

గదిలోకి వెళ్లి మేనేజరమ్మకి ఫోన్ కలిపాను. అవతల ఇంకా రింగవుతోంది.

"ఇదిగో, ఇస్త్రీపెట్టె ఎక్కడ?" హాల్లోంచి కేక.

"వెతకండి. అదీ ఆ పనిలోదే" అని, ఫోన్లోకి తిరిగాను. "నా పేరు పంపండి మేడం."