అక్కాచెల్లెళ్ళ బాన

ఫాన్‌రాంగ్ నగరం నుంచి వ్యానులో వచ్చిన తియెన్, వెంట తెచ్చిన కరెంటు కుమ్మరి సారెను ఇద్దరి చేత దింపించి, కుండలు చేసే లూ వాకిట్లో పెట్టించాడు. నగరంలో కొత్తగా కడుతున్న చామ్ జాతివాళ్ళ ప్రదర్శనశాలకు నమూనా గీసినవాడు అతనే. దాని గుమ్మం ముందు నిలువెత్తు బాన కావాలని అతని కోరిక.

"పిన్నీ, ఇది నీకే. ఇక కుండ చుట్టూ తిరిగే బాధ ఉండదు."

లూకి యాభై ఎనిమిదేళ్ళు. వాళ్ళ ఊరు బావుట్రూక్‌లో ఆడవాళ్ళెవరూ సారె వాడరు. మట్టిముద్దను నిలబెట్టి, దాని చుట్టూ తామే వెనకడుగులు వేస్తూ వేళ్ళతో గోడ లేపుతారు. ఆమె ఆ యంత్రాన్ని అటూ ఇటూ చూసింది.

"బాగుంది బాబూ. మరి దీనిమీద నిలువెత్తు బాన చెయ్యాలంటే నేను నిచ్చెన ఎక్కాలా?"

వ్యాను డ్రైవరు పక్కున నవ్వాడు. తియెన్ కూడా నవ్వేశాడు.

"సారె లేకుండా అవుతుందా పిన్నీ?"

"కాతే పండక్కి ముందు వచ్చి పట్టుకెళ్ళు. దీన్ని కూడా పట్టుకెళ్ళు, వాకిలికి అడ్డం."

మాటయితే ఇచ్చింది గాని, అది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదని లూకి తెలుసు. అంత బానకు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకే అడుగున తిరగాలి. ఒకరు తడబడితే గోడ ఆ పక్కకు ఒరిగిపోతుంది. ఆమె అడుగు తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. చెల్లెలు న్యెమ్. ఇద్దరూ చిన్నప్పుడు తల్లి దగ్గర ఒకే కుండ చుట్టూ తిరిగి పని నేర్చుకున్నారు.

న్యెమ్‌తో మాటలు లేక ఏడేళ్ళయింది. చెల్లెలు యాత్రికుల కోసం అచ్చుల్లో బొమ్మలు పోసి అమ్మడం మొదలుపెట్టినప్పుడు, "అమ్మ చేతుల్ని అమ్ముకుంటున్నావే!" అని లూ నడివీధిలో అరిచింది. ఆ తరవాత నాలుగిళ్ళ అవతలే ఉంటున్నా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

లూ తువ్వాలు తలకు చుట్టుకుంది. భోంచేస్తున్న భర్త హాన్ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"ఎక్కడికి?"

"న్యెమ్ ఇంటికి."

"క్షమించమని అడుగుతావా?"

"పనికి రమ్మంటాను."

చామ్ ఆచారం ప్రకారం, కడగొట్టు కూతురు గనక తల్లి ఇల్లు న్యెమ్‌కే వచ్చింది. ఆమె అరుగుమీద కూర్చుని నాట్యకత్తె బొమ్మలకు రంగు పూస్తోంది. అక్కను చూసి కూడా కుంచె ఆపలేదు.

"దారి తప్పావా అక్కా? ఇది అచ్చులు పోసేదాని గుమ్మం."

"తెలిసే వచ్చాను. నిలువెత్తు బాన చెయ్యాలి. రేపు పొద్దున్నే రా."

"నడివీధిలో నన్నంత మాటన్నావు."

"అన్నాను. ఈ బొమ్మలు నాకు ఇప్పటికీ నచ్చవు. కానీ అమ్మ చేతుల్ని నువ్వు అమ్ముకోలేదు. ఆ మాట తప్పు. అవి నీ దగ్గరే ఉన్నాయి, అందుకే వచ్చాను."

న్యెమ్ కుంచె పక్కన పెట్టి, చేతులకంటిన రంగు తుడుచుకుంది.

"నా అడుగు నీకంటే వేగం. అందుకోగలవా, ముసలిదానా?"

"నీ మోకాలి సంగతి చూసుకో ముందు."

క్వావో ఏటి బంకమట్టిలో ఇసుక కలిపి తొక్కారు. పొద్దున జానెడు లేపడం, నీడలో ఆరనివ్వడం, మర్నాడు మరో జానెడు. నాలుగో రోజున న్యెమ్ మోకాలు పట్టేసి అడుగు ఆలస్యమైంది. బాన పొట్ట దగ్గర గోడ ఉబ్బి జారింది.

"చూశావా! అచ్చుల ముందు కూర్చుని కూర్చుని నడక మరిచావు!"

"నువ్వు గుర్రంలా దూకితే మట్టేం చేస్తుంది?"

వీధంతా వినబడేలా తిట్టుకున్నారు. తిట్టుకుంటూనే పాడైన వరస కోసి పారేసి, తడిగుడ్డతో అంచు నునుపు చేసి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి లూ తన అడుగు తగ్గించింది. ఆ సంగతి న్యెమ్ గమనించి, తన అడుగు దానితో కలిపింది. ఎనిమిదో రోజుకు బాన లూ తలను దాటింది. చివరి అంచును, చుట్టూ పేర్చిన ఇటుకల మీద నడుస్తూ లేపారు.

కాల్చే రోజున సముద్రం వైపు నుంచి గాలి జోరుగా వీచింది. రేపు చూద్దామన్నాడు హాన్. న్యెమ్ గుప్పెడు గడ్డి ఎగరేసి అది పోయిన దిక్కు చూసి, "గాలి నిలకడగా ఉంది. కట్టెలు ఇటువైపు పలచగా పేర్చి, అంటించండి," అంది. లూ అలాగే పేర్చింది. మంట తగ్గాక ఎర్రగా మండుతున్న బానమీద ఇద్దరూ అడవికాయల రసం చిలకరించారు. నల్లటి చారలు పొగలు కక్కుతూ పరుచుకున్నాయి. లూ కర్రతో మెల్లగా తట్టింది. బాన ఖంగుమంది. హాన్ కేకేసి చప్పట్లు కొట్టాడు.

పండగనాడు కొండమీద గోపురం దగ్గర పూజలు ముగిశాక జనం ప్రదర్శనశాలకు వచ్చారు. గుమ్మం ముందు నిలబెట్టిన బాన చుట్టూ తాడు కట్టి ఉంది. లూ తాడు దాటి లోపలికి వెళ్ళింది.

"పిన్నీ, అది చూడ్డానికి పెట్టింది," అన్నాడు తియెన్ కంగారుగా.

"నీళ్ళు పొయ్యని బానలో చూసేదేముంది? గొట్టం ఇటు లాక్కురా."

తియెన్ ఒక్క క్షణం తటపటాయించి, వెళ్ళి గొట్టం తెచ్చాడు. న్యెమ్ తాడు ముడి విప్పేసింది. బాన నిండడానికి చాలాసేపు పట్టింది. ఎండ నెత్తికెక్కేసరికి దాని ఒళ్ళంతా చెమర్చి చారలు నిగనిగలాడాయి. మొదట ఒక పూజారి పీట ఎక్కి అంచు మీదుగా ముంచుకుని తాగాడు. తరవాత వరస వీధి దాకా సాగింది.

"ఎవరు చేశారమ్మా?" అని వరసలో ఎవరో అడిగారు.

"మేమిద్దరం," అంది లూ, చెల్లెలి చేతికి గిన్నె అందిస్తూ.